పచ్చి మాంసం పెడితే కుక్కకు నిజంగా ఒరిగేదేమిటి?

కుక్కల్ని పెంచేవాళ్లు నలుగురు కలిసిన చోట పచ్చి మాంసం మాటెత్తితే చాలు, ఐదు నిమిషాల్లో రెండు వర్గాలు తయారవుతాయి. ఒకరు "మా వాడి బొచ్చు చూడండి, పళ్లు చూడండి" అంటారు. ఇంకొకరు విరేచనాలు తెచ్చే క్రిమి పేరెత్తి "సాల్మొనెల్లా" అంటారు. ఆ తరవాత ఎవరి మాటా ఎవరూ వినరు. అది మొండితనం వల్ల మాత్రమే కాదు. ఒకరు కళ్లకు కనబడే ఫలితం గురించి మాట్లాడుతుంటే, ఇంకొకరు కనబడని ప్రమాదం గురించి మాట్లాడుతున్నారు. ఈ రెంటికీ మధ్య పోషకాల లెక్క ఒకటుంది. దాని ఊసు ఇద్దరూ ఎత్తరు. నన్నడిగితే అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందుగా ఒక విషయం విడదీయాలి. డ్రై ఫుడ్ మానేసి పచ్చి మాంసానికి మారిన కుక్క గిన్నెలో ఒకేసారి చాలా మారిపోతాయి. పిండి పదార్థం తగ్గుతుంది. కొవ్వు, ప్రోటీన్ పెరుగుతాయి. డ్రై ఫుడ్ గుళికల్లో నీరు పది శాతం అటూ ఇటూగా ఉంటుంది, మాంసంలో 70 శాతం దాకా ఉంటుంది. పాత సంచీలో ఉన్న దినుసుల్లో ఏదైనా ఆ కుక్కకు పడకపోయి ఉంటే అదీ పోతుంది. ఎముకలు కొత్తగా వస్తాయి. వీటన్నిటితో పాటు, వండకుండా పెట్టడం అనేది ఇంకొక మార్పు. కుక్క బాగుపడితే పేరు మాత్రం ఆ చివరిదానికే వస్తుంది. అదే మాంసాన్ని ఉడికించి పెట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చూడరు. ఈ వ్యాసంలో నేను అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే: లాభాల్లో పచ్చిదనానివి ఎన్ని, నష్టాల్లో పచ్చిదనానివి ఎన్ని?

తోడేలు వాదన

పచ్చి మాంసం వైపు వాళ్ల మొదటి వాదన చరిత్ర నుంచి వస్తుంది. కుక్క తోడేలు సంతతి, తోడేలు వండుకు తినదు, గుళికలు నిన్నగాక మొన్న వచ్చాయి అంటారు. మూడో మాట నిజమే. జేమ్స్ స్ప్రాట్ అనే ఆయన ఇంగ్లండ్‌లో కుక్క బిస్కట్లు అమ్మడం మొదలుపెట్టింది 1860ల్లో. డబ్బాల్లో గుర్రపు మాంసం అమెరికాలో 1920ల్లో వచ్చింది. పిండిని వేడితో, ఒత్తిడితో మరలోంచి బయటికి తోసి ఉబ్బించే గుళికలు 1950ల చివర్లో మార్కెట్‌కి వచ్చాయి. పచ్చి మాంసం ఉద్యమం అంతకన్నా చిన్నది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసిన పుస్తకంతో అది ఇళ్లలోకి వచ్చింది. పచ్చి మాంసం, ఎముకలు కలిపి పెట్టే, ఇవాళ అందరూ బార్ఫ్ అని పిలుస్తున్న పద్ధతి ఆయనదే. అంతకు ముందు పచ్చి మాంసం ఎక్కువగా తిన్నవి మంచు బళ్లు లాగే కుక్కలు, పందేల గ్రేహౌండ్లు. గ్రేహౌండ్లకు పెట్టింది చాలాచోట్ల మనుషులు తినడానికి పనికిరాదని పక్కన పెట్టిన మాంసం. అది చవక. ఆరోగ్య సిద్ధాంతాలన్నీ తరవాత వచ్చాయి.

కానీ గుళికలకు ముందు కుక్కలన్నీ పచ్చి మాంసమే తిన్నాయనడం సరికాదు. రోమన్ల కాలం నాటి వ్యవసాయ గ్రంథాల్లోనే కాపలా కుక్కలకు బార్లీ పిండి, పాలు విరిచిన తేట పెట్టమని ఉంది. మనిషి గడపలో చేరిన నాటి నుంచి కుక్క తిన్నది మనిషి తినగా మిగిలిందే. దాని గుర్తు ఒంట్లో మిగిలింది కూడా. 2013లో స్వీడన్ పరిశోధకులు కుక్కల జన్యువుల్ని తోడేళ్లతో పోల్చి చూశారు. పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమ్‌ను క్లోమంలో తయారుచేసే జన్యువుకు తోడేలులో రెండే ప్రతులున్నాయి. కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. తరవాతి పరిశోధనల్లో మంచు ప్రాంతాల హస్కీలు, ఆస్ట్రేలియా అడవి కుక్కలైన డింగోల్లో ఆ ప్రతులు తక్కువని తేలింది. వ్యవసాయం అంతగా లేని మనుషుల దగ్గర పెరిగిన కుక్కల్లో అవి తక్కువగా ఉండటంలో వింతేమీ లేదు.

ఇది చదివి డ్రై ఫుడ్ వైపు వాళ్లు చప్పట్లు కొట్టనక్కర్లేదు. కుక్క పిండిని అరిగించుకోగలదు అంటే కుక్కకు పిండి కావాలని కాదు. ఎదిగిన కుక్కకు ఆహారంలో పిండి పదార్థం తప్పనిసరి ఏమీ కాదు. కావలసిన గ్లూకోజ్‌ను కాలేయం ప్రోటీన్ నుంచి తయారుచేసుకుంటుంది. చూలుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు మాత్రం పిండి ఉంటే మేలు. తోడేలు వాదనతో తేలేది ఇంతే: కుక్క రెండు రకాల తిండీ అరిగించుకుంటుంది. అడవిలో తోడేలు కన్నా బోనులో పెట్టి పెంచిన తోడేలు చాలా ఎక్కువ కాలం బతుకుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రకృతి పెట్టేది పిల్లల్ని కని పెంచేదాకా బతికించే తిండి. పన్నెండేళ్ల ముసలి కుక్క మోకాళ్ల సంగతి ప్రకృతికి పట్టదు.

లాభాల చిట్టా

బొచ్చు మెరుస్తుంది అంటారు. నిజంగానే మెరుస్తుంది. అది కొవ్వు వల్ల. చవక గుళికల్లో కన్నా మాంసంలో కొవ్వు ఎక్కువ, చర్మానికి కావలసిన కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అదే కోడి మాంసాన్ని తోలుతో సహా ఉడికించి, ఆ నీళ్లతోనే పెట్టినా బొచ్చు మెరుస్తుంది.

మలం తగ్గుతుంది, వాసన తగ్గుతుంది అంటారు. ఇదీ నిజమే. మాంసంలో పీచు ఉండదు, చాలా భాగం అరిగిపోతుంది. పచ్చి మాంసం, తక్కువ మంటమీద వండిన మాంసం, గుళికలు పోల్చి చూసిన పరిశోధనల్లో మొదటి రెండూ గుళికల కన్నా బాగా అరిగాయి. అంటే ఇక్కడా వండినది గెలిచిన వైపే ఉంది. కాకపోతే పచ్చి ఎముకలు ఎక్కువ పెట్టినప్పుడు మలం తెల్లగా, సుద్దలా, గట్టిగా వస్తుంది. దాన్ని ఆరోగ్యానికి గుర్తుగా చూసేవాళ్లున్నారు. అది ఎముక ఎక్కువైందనడానికి గుర్తు. ముక్కి ముక్కి కూర్చునే కుక్కను చూస్తే ఆ మాట ఎవరికైనా తెలుస్తుంది.

వండితే ఎంజైములు చచ్చిపోతాయన్న మాట కొట్టిపారేయొచ్చు. మాంసంలోని ఎంజైములు కూడా ప్రోటీన్లే. కుక్క కడుపులోని ఆమ్లానికి అవీ మిగతా ప్రోటీన్‌తో పాటే విడిపోతాయి. జీర్ణానికి కావలసిన ఎంజైములు కుక్క క్లోమం తయారుచేసుకుంటుంది. తయారుచేసుకోలేని జబ్బు ఒకటుంది. అలాంటి కుక్కకు ప్రత్యేకంగా క్లోమం పొడి కలిపి పెడతారు, మామూలు మాంసంతో ఆ లోటు తీరదు.

దురదలు, ఎలర్జీల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. హెల్సింకి విశ్వవిద్యాలయంలోని ఒక బృందం వేల మంది కుక్కల యజమానుల్ని ప్రశ్నలడిగి, చిన్నప్పుడు పచ్చి మాంసం తిన్న కుక్కపిల్లల్లో పెద్దయ్యాక చర్మపు ఎలర్జీ తక్కువగా ఉందని చూపింది. కొట్టిపారేయాల్సిన పని కాదది. అయితే ఇవి యజమానుల జవాబుల మీద ఆధారపడ్డ అధ్యయనాలు. కుక్కపిల్లకు పచ్చి మాంసం పెట్టే ఇల్లు, పెట్టని ఇల్లు ఇంకా చాలా విషయాల్లో వేరుగా ఉంటాయి. కుక్కను ఎంతసేపు బయట తిప్పుతారు, ఏ జాతిని ఎంచుకుంటారు, చర్మం ఎర్రబడితే డాక్టర్ దగ్గరికి వెళ్తారా లేక తిండి మారుస్తారా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. వాటన్నిటినీ విడదీసి కొలవడం కష్టం. ఇక ఇప్పటికే గోక్కుంటున్న పెద్ద కుక్క తిండి మార్చగానే తగ్గిందంటే, ఎక్కువసార్లు పాత తిండిలోని ఏదో ఒక ప్రోటీన్ దానికి పడకపోవడమే కారణం. కోడి పడని కుక్కకు కోడిని పచ్చిగా పెట్టినా పడదు.

గిన్నెలో లెక్క

ఇప్పుడు అందరూ దాటవేసే భాగానికి వద్దాం. 10 కిలోల ఎదిగిన కుక్కను తీసుకోండి. ఓ మోస్తరుగా పరిగెత్తే కుక్కకు రోజుకు 600 కేలరీలు కావాలనుకుందాం. కొవ్వు తీసిన, ఎముక లేని కోడి మాంసం 100 గ్రాములకు సుమారు 120 కేలరీలు ఇస్తుంది. అంటే అరకిలో మాంసం పెట్టాలి. ఆ అరకిలోలో భాస్వరం 1000 మిల్లీగ్రాములు దాకా ఉంటుంది. కాల్షియం 50 మిల్లీగ్రాములు, కాస్త అటూ ఇటూగా. కుక్కల ఆహారానికి అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం ఈ కుక్కకు రోజుకు కనీసం 750 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పైగా భాస్వరం ఎంత ఉందో కాల్షియం కనీసం అంత ఉండాలి, రెట్టింపు దాటకూడదు. ఈ గిన్నెలో భాస్వరం దానికి ఇరవై రెట్లుంది.

తక్కువైన కాల్షియాన్ని ఒళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? రక్తంలో కాల్షియం పడిపోతే గుండె, కండరాలు సరిగా పనిచేయవు కాబట్టి పడిపోనివ్వదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి తవ్వి రక్తంలో పోస్తాయి. అందుకే రక్త పరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. పెద్ద కుక్క ఇలా నెలలు లాగించేస్తుంది. దాని దవడ ఎముక పలచబడి పళ్లు వదులవడం ఎప్పటికో బయటపడుతుంది. పెరిగే పిల్లకు అంత వ్యవధి ఉండదు. ప్రేమగా ఉత్త మాంసమే పెట్టిన పిల్ల సోఫా మీంచి దూకితే కాలు విరుగుతుంది. ఎక్స్‌రేలో ఎముకలు పక్కనున్న కండంత పలచగా కనిపిస్తాయి. మాంసం వండినా ఇదే జరుగుతుంది, పచ్చిగా పెట్టినా ఇదే జరుగుతుంది. ఈ విషయంలో పచ్చిదనానికి పాపమూ లేదు, పుణ్యమూ లేదు.

దీనికి విరుగుడుగా పుట్టిందే 80:10:10 సూత్రం. ఎనభై పాళ్లు మాంసం, పది ఎముక, పది కాలేయంతో సహా లోపలి అవయవాలు. గుర్తుంచుకోవడానికి సులువే, కానీ లెక్కకు నిలబడదు. పది శాతం ఎముక అన్నప్పుడు ఏ ఎముక? కోడి మెడలో ఉన్నంత కాల్షియం, పశువు తుంటి ఎముక చివర మెత్తటి భాగంలో ఉన్నంత కాల్షియం ఒకటి కాదు. పెద్ద ఎముకను కుక్క గీకి వదిలేస్తే లోపలికి పోయింది ఎంతో ఎవరికీ తెలియదు. దీనికి తోడు ఇంకో సూత్రం ప్రచారంలో ఉంది, ఒంటి బరువులో రెండున్నర శాతం పెట్టమని. మన 10 కిలోల కుక్కకు 250 గ్రాములు. కొవ్వు లేని కోడి అయితే అది 300 కేలరీలు, ఐదో వంతు కొవ్వున్న ఖీమా అయితే 600 దాటుతుంది. ఒకే బరువు, ఒకే కుక్క. ఒకటి సగం కడుపు, ఇంకోటి నిండు కడుపు.

సూత్రం సరిగ్గా పాటించినా కొన్ని పోషకాలు రావు. జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి తరచుగా తక్కువ పడతాయి. కుక్క ఎండలో పడుకుంటే విటమిన్ డి వస్తుందిలే అనుకోకండి, మనిషిలా కుక్క చర్మం దాన్ని సరిపడా తయారుచేసుకోలేదు. తిండిలోనే రావాలి. 2011లో జర్మన్ పరిశోధకులు ఇళ్లలో పెడుతున్న 95 రకాల పచ్చి ఆహారాల్ని లెక్కగట్టి చూస్తే, వాటిలో 60 శాతంలో ఒకటో రెండో పెద్ద లోటుపాట్లు కనిపించాయి. దీనికి ఎప్పుడూ వినబడే జవాబు: "రోజూ సరిపోనక్కర్లేదు, వారం మొత్తం మీద సరిపోతుంది." సగం నిజం. కాలేయం వారానికి రెండుసార్లు పెడితే విటమిన్ ఎ వారమంతా సరిపోతుంది, ఒళ్లు దాన్ని దాచుకుంటుంది. కానీ అయోడిన్ ఏ మాంసంలోనూ చెప్పుకోదగ్గంత లేదు. ఏడు రోజులు ఏడు వంటకాలు తిన్నా ఏ ఒక్కదాంట్లోనూ ఉప్పు లేకపోతే ఆదివారం నాటికి ఉప్పు వచ్చిపడదు.

పెద్ద జాతి పిల్లల విషయంలో లెక్క రెండు వైపులా తప్పొచ్చు. గ్రేట్ డేన్ లాంటి జాతుల పిల్లలు మొదటి నెలల్లో కాల్షియం ఎంత లోపలికి వెళితే అంతలో చాలా భాగం పీల్చేసుకుంటాయి, చాలు అని ఆపడం వాటి పేగుకు ఇంకా చేతకాదు. ఎముకలు ఎక్కువ పెట్టినా, గుల్లల పొడి గుప్పించినా కీళ్లు, కాళ్ల ఎముకలు వంకర పోతాయి. పచ్చి మాంసం మీద నాకెంత సందేహం ఉన్నా, ఎదిగిన కుక్కకు పెట్టేవాళ్లతో వాదిస్తాను గానీ గొడవ పడను. పెద్ద జాతి పిల్లకు ఇంటి లెక్కతో పెట్టేవాళ్లతో మాత్రం గొడవ పడతాను.

క్రిముల సంగతి

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో ఏదీ పచ్చిదనం వల్ల వచ్చినది కాదు. ఇక చెప్పబోయేది పూర్తిగా దాని వల్లే.

కుక్క కడుపులో ఆమ్లం గట్టిది, పేగు పొట్టిది, సాల్మొనెల్లా దానికి ఏమీ చేయదు అంటారు. చాలా కుక్కల విషయంలో ఇది నిజమే. సాల్మొనెల్లా తిన్న కుక్క చాలాసార్లు హాయిగా తిరుగుతుంది. కానీ సమస్య కుక్కతో ఆగదు. ఆ హాయిగా తిరుగుతున్న కుక్క మలంలో బతికున్న సాల్మొనెల్లా బయటికి వస్తూ ఉంటుంది. 2002లో కెనడాలో చేసిన చిన్న అధ్యయనంలో బార్ఫ్ తింటున్న పది కుక్కల గిన్నెల్లోంచి తీసిన నమూనాల్లో 80 శాతంలో సాల్మొనెల్లా దొరికింది, వాటి మలం నమూనాల్లో 30 శాతంలో దొరికింది. డ్రై ఫుడ్ తింటున్న పది కుక్కల్లో అసలు దొరకలేదు. పది కుక్కలంటే చాలా తక్కువే. కానీ తరవాత వచ్చిన పెద్ద పరీక్షలూ అటే చూపాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 దాకా చేసిన పరీక్షల్లో పెంపుడు జంతువుల కోసం అమ్మే 196 పచ్చి ఆహారాల్లో 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా అనే ఇంకో క్రిమి దొరికాయి. నెదర్లాండ్స్‌లో 2018లో వెలువడిన పరిశోధనలో గడ్డకట్టించి అమ్మే 35 ప్యాకెట్లు చూస్తే 19లో లిస్టీరియా ఉంది, 7లో సాల్మొనెల్లా ఉంది. ఇంకా ఇబ్బందికరమైన సంగతి, చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని రకం ఇ.కోలై అనే పేగు క్రిమి 28 ప్యాకెట్లలో, అంటే ఐదింట నాలుగింటిలో ఉంది.

నన్ను ఆలోచనలో పడేసేది ఈ చివరి అంకె. సాల్మొనెల్లా వస్తే ఇంట్లో ఎవరికో విరేచనాలవుతాయి, ఆ సంగతి తెలుస్తుంది. మందుకు లొంగని ఇ.కోలై కుక్క పేగులోకి, అక్కడి నుంచి ఇంట్లోవాళ్ల పేగుల్లోకి చడీచప్పుడు లేకుండా చేరి కూర్చుంటుంది. రెండేళ్ల తరవాత ఇంట్లో ఎవరికో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మొదటి మందు పని చేయదు. అప్పుడు కుక్క గిన్నె ఎవరికి గుర్తొస్తుంది?

"మేమూ పచ్చి మాంసం ఇంటికి తెచ్చుకుంటాం కదా, తేడా ఏముంది?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. మన మాంసం పొయ్యి దాకా వెళ్లి ఆగుతుంది. కుక్కది గిన్నెలో, నేలమీద, మూతి చుట్టూ బొచ్చులో, అది నాకిన పిల్లవాడి చేతి మీద ఉంటుంది. గిన్నె కడిగేస్తే పోతుంది అనుకుంటాం. 2006లో కెనడా పరిశోధకులు సాల్మొనెల్లా కలిపిన పచ్చి మాంసం కుక్క గిన్నెల్లో వేసి, రకరకాలుగా కడిగి చూశారు. సబ్బుతో తోమినా, డిష్‌వాషర్‌లో పెట్టినా చాలా గిన్నెల్లో అది మిగిలే ఉంది. తోమి, బ్లీచ్ నీళ్లలో నానబెట్టడం అన్నిటికన్నా మెరుగ్గా పనిచేసింది. అదీ పూర్తిగా కాదు.

ఫ్రీజర్ మీద పెట్టుకునే నమ్మకం కూడా సగమే చెల్లుతుంది. గడ్డకట్టించడం కొన్ని పరాన్నజీవుల్ని చంపుతుంది. బాక్టీరియాను చంపదు, నిద్రపుచ్చుతుంది. మాంసం కరగ్గానే అవి మళ్లీ మొదలెడతాయి. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గడ్డకట్టించి తేమ లాగేసి అమ్మే పొడి ముక్కలూ పచ్చివే. చేతికి తడి అంటదు గనక వాటితో మనం ఇంకా అజాగ్రత్తగా ఉంటాం. బాగా ఎక్కువ ఒత్తిడితో, సుమారు గాలి ఒత్తిడికి ఆరువేల రెట్లు, నొక్కి క్రిముల్ని తగ్గించే పద్ధతి కొన్ని కంపెనీలు వాడతాయి. అది నిజంగా తగ్గిస్తుంది, పూర్తిగా తుడిచెయ్యదు.

ఇక్కడ డ్రై ఫుడ్‌ను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. 2007లో మెలమిన్ అనే రసాయనం కలిసిన గోధుమ ప్రోటీన్ వల్ల ఎన్నో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి, అది డబ్బాల, పొట్లాల తిండిలోనే వచ్చింది. 2012లో గుళికల నుంచే సాల్మొనెల్లా పదుల మంది మనుషులకు సోకింది. అయితే గుళికల్లో క్రిమి చేరడం తయారీలో జరిగిన తప్పు. పచ్చి మాంసంలో క్రిమి ఉండటం దాని సహజ స్థితి. అమెరికా పశువైద్యుల సంఘం 2012లో వండని మాంసం కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని తీర్మానించడానికి ఇదే కారణం. ఆ తీర్మానంలో మనుషుల ఆరోగ్యం ప్రస్తావన కూడా ఉంది.

కొన్ని మాంసాల విషయంలో కుక్కకే నేరుగా ముప్పు ఉంది. పచ్చి పంది మాంసంతో వచ్చే ఆజెస్కీ వైరస్, లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లో కుక్కను చంపుతుంది. ఆ జబ్బు పందుల్లో ఉన్న దేశాల్లో ఇది పుస్తకాల్లోని సంగతి కాదు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు పచ్చి సాల్మన్ చేపలోని ఒక పురుగు మోసుకొచ్చే బాక్టీరియాకు వెంటనే వైద్యం చేయకపోతే చాలా కుక్కలు బతకవు. గొర్రెల పచ్చి ఊపిరితిత్తులు, కాలేయంలో ఉండే తిత్తుల ద్వారా కుక్కకు ఎకినోకాకస్ అనే చిన్న బద్దె పురుగు వస్తుంది. కుక్కకు ఏమీ కాదు, దాని మలంలో గుడ్ల ద్వారా మనిషి కాలేయంలో నీటి తిత్తులు పెరుగుతాయి. పచ్చి కోడి మెడల సంగతి ఇంకో రకం. 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉన్నట్టుండి కాళ్లు పడిపోయిన కుక్కల్ని పరిశీలించి, వాటిలో దాదాపు అన్నీ పచ్చి కోడి తిన్నవేనని, కాంపిలోబాక్టర్ అనే క్రిమి వాటిలో మామూలు కుక్కల కన్నా చాలా ఎక్కువగా దొరికిందని చెప్పారు. మనుషుల్లో కాళ్లూ చేతులూ చచ్చుబడే గిల్లన్-బారే జబ్బుకు కూడా తరచుగా ముందు నడిచేది ఆ క్రిమే.

ఎముకలు, గొంతులు

వండిన ఎముక సూదుల్లా విరుగుతుంది, పచ్చిది విరగదు అంటారు. మొదటి సగం నిజం, ఎప్పుడూ పాటించాలి. రెండో సగం మీద భారం వేయకండి. పచ్చి ఎముక కూడా గొంతులో ఇరుక్కుంటుంది, ముఖ్యంగా గబగబా మింగే చిన్న టెర్రియర్లకు. పెద్ద పశువుల కాలి ఎముకలు కుక్క పన్ను కన్నా గట్టివి. పై దవడలో వెనకవైపు ఉండే పెద్ద కోత పన్ను పలకలా చీలిపోతుంది. పైకి కనిపించేది చిన్న పెచ్చు, లోపల నరం తెరుచుకుని ఉంటుంది. కుక్క తినడం మానదు, అందుకని నొప్పి ఉందని ఎవరికీ తెలియదు.

ఎముకలతో పళ్ల గార పోతుందన్నది మాత్రం నిజం. బ్రెజిల్‌లో బీగిల్ కుక్కలకు పచ్చి పశువు ఎముకలు ఇచ్చి చూస్తే రెండు మూడు వారాల్లో గార చాలావరకు పోయింది. అయితే తెల్లటి పన్ను, ఆరోగ్యమైన చిగురు ఒకటి కావు. పంటిని పట్టే ఎముకకు వచ్చే జబ్బు చిగురు కింద మొదలవుతుంది, అక్కడికి ఏ ఎముకా చేరదు. ఎముక ఇవ్వాలనుకుంటే, బొటనవేలి గోటితో నొక్కితే కాస్తయినా సొట్ట పడేంత మెత్తటిది ఇవ్వమని పంటి డాక్టర్లు చెప్పేది నాకు సబబుగా తోస్తుంది. గట్టి కొమ్ములు, గిట్టలకూ అదే వర్తిస్తుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. జంతువుల గొంతు భాగాలు చవక, కుక్కలు ఇష్టంగా తింటాయి. ఆ గొంతుకు అంటుకుని థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. దాన్ని రోజూ తింటే అందులోని హార్మోను కుక్క రక్తంలోకి చేరుతుంది. కుక్క బాగా తింటూనే చిక్కిపోతుంది, ఒగరుస్తుంది, ఒకచోట నిలవదు. కుక్కకు హైపర్‌థైరాయిడ్ రావడం అరుదు గనక డాక్టర్ కణితి కోసం వెతకడం మొదలుపెడతాడు. జర్మనీలో ఇలాంటి కుక్కల్ని గుర్తించి గొంతు ముక్కలు మాన్పిస్తే హార్మోను మామూలు స్థాయికి వచ్చేసింది.

ఇంతకీ ఏం పెట్టాలి?

లాభాలన్నీ ఒక పక్కన పేర్చితే తాజా మాంసం, నీరు, కొవ్వు, మంచి ప్రోటీన్, పడని దినుసు లేకపోవడం కనిపిస్తాయి. ఇందులో పొయ్యి మీద పెట్టగానే పోయేది దాదాపు ఏదీ లేదు. కొన్ని విటమిన్లు తగ్గుతాయి, ఉడికిన నీళ్లు పారబోయకుండా కలిపితే అవీ కొంత మిగులుతాయి. నష్టాల్లో పొయ్యి మీద పెట్టగానే పోయేవి సాల్మొనెల్లా, లిస్టీరియా, కాంపిలోబాక్టర్, ఇ.కోలై, పురుగుల గుడ్లు, తిత్తులు. కోడి మాంసం మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చాలు. గుళికలు నచ్చనివాళ్లు అదే మాంసాన్ని వండి పెట్టడమే నాకు కనిపించే సరైన దారి. వండితే ఎముకలు పెట్టకూడదు గనక కాల్షియం విడిగా కలపాలి. మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకులో దాదాపు 38 శాతం కాల్షియమే. పైన లెక్కగట్టిన అరకిలో కోడికి మూడు గ్రాముల పొడి కలిపితే కాల్షియం, భాస్వరంతో సరితూగుతుంది. జింకు, అయోడిన్, మిగతావి ఆ పొడిలో ఉండవు. వాటి కోసం పశు పోషకాహార నిపుణుడి చేత ఒకసారి రాయించుకున్న వంటకం కావాలి. ఒకసారి రాయించుకున్నాక దాన్ని మార్చకుండా పాటించాలి. చాలామంది తప్పేది ఇక్కడే. మొదటి నెల తక్కెడ పెట్టి తూస్తారు, మూడో నెలకు చేతి అంచనా, ఆరో నెలకు సప్లిమెంట్ డబ్బా అయిపోయి కొనడం మానేసి ఉంటారు.

ఇది చదివాక కూడా పచ్చిదే పెడతానంటే, కొన్ని ఇళ్లలో మాత్రం వద్దే వద్దు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు ఉన్న ఇళ్లవి. కుక్కకే రోగనిరోధకం తగ్గించే మందులు వాడుతున్నా, క్లోమం వాపు వచ్చి ఉన్నా అంతే. ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు రోగుల్ని పలకరించడానికి తీసుకెళ్లే కుక్కలకు పచ్చి మాంసం తిననివ్వని నియమం చాలా సంస్థల్లో ఉంది. మిగతావాళ్లు పచ్చిగా పెట్టాలనుకుంటే ఇంట్లో కలిపినదాని కన్నా, ఒత్తిడి పద్ధతిలో క్రిములు తగ్గించి, పోషకాలు సరిపోతాయని లేబుల్ మీద స్పష్టంగా ఏ వయసు కుక్కకో చెప్పి అమ్మేది కొనడం మెరుగు. మాంసాన్ని ఫ్రిజ్ లోపలే కరగనివ్వాలి. కుక్క తినడం మానగానే మిగిలింది పారేయాలి. గిన్నె స్టీలుదై ఉండాలి, మనుషుల గిన్నెలతో కలపకూడదు. తిన్న వెంటనే మూతి నాకనివ్వడం మానాలి. 2024 చివర్లో అమెరికాలో పచ్చి ఆహారం తిన్న పిల్లి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో చనిపోయిన తరవాత ఇంకో జాగ్రత్త చేరింది. కుక్కలతో పాటు పిల్లి కూడా ఉన్న ఇంట్లో పచ్చి కోడి మాంసం పిల్లికి అందేచోట ఉండకూడదు. పిల్లులకు ఆ వైరస్ కుక్కలకన్నా చాలా ప్రమాదకరం.

వెట్ దగ్గరికి వెళ్లినప్పుడు మా కుక్క పచ్చి మాంసం తింటుందని చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, తిడతారని. చెప్పాలి. మాంసం ఎక్కువ తినే కుక్క రక్తంలో యూరియా, క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా కనిపించొచ్చు. తిండి సంగతి తెలియకపోతే అది మూత్రపిండాల జబ్బులా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికైనా రక్తంతో విరేచనాలైతే, మీ డాక్టర్‌కు కూడా కుక్క ఏం తింటుందో చెప్పండి. ఆయన అడిగేది మీరు నిన్న ఎక్కడ తిన్నారని మాత్రమే.